పిల్లల పళ్లకు అలైనర్లా, క్లిప్పులా, ఇంకొంత కాలం ఆగడమా? స్కాన్ బొమ్మ చూశాక ఎలా తేల్చుకోవాలి

స్కానర్‌ను నోట్లో ఐదు పది నిమిషాలు తిప్పితే చాలు, పిల్లల పళ్లు కంప్యూటర్ తెర మీదికి వచ్చేస్తాయి. ఇంకో నిమిషంలో అవే పళ్లు జరిగి, వరుసలో కూర్చుని, తెల్లగా మెరుస్తాయి. కర్నూలు, అనంతపురం, కడపల్లో కూడా ఈ వసతి ఉన్న క్లినిక్కులు ఉన్నాయి. ఎత్తుపళ్ల కోసమో, వంకరపళ్ల కోసమో పిల్లల్ని తీసుకెళ్లిన తల్లిదండ్రులకు అలైనర్ల మాట వినపడుతోంది. అలైనర్లంటే పళ్ల మీద తొడిగి, వరుసగా మారుస్తూ పళ్లను జరిపే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలు. వెంటనే నోటికొచ్చే ప్రశ్నలు రెండే: ఎంతవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది? వాటికంటే ముందు తేలాల్సినవి ఉన్నాయి. ఈ వయసులో అసలు ఏమైనా చేయాలా? చేయాల్సింది ట్రేలతో అయ్యే పనేనా? మన ఇంట్లో, మన బడి వేళల్లో అది సాగుతుందా?

తెర మీద చూపించే బొమ్మలు రెండు రకాలని ముందే తెలిసుంటే మంచిది. మొదటిది స్కాన్ అవగానే సాఫ్ట్‌వేర్ తనంతట తాను గీసే అంచనా బొమ్మ. ఇందులో ఎక్స్‌రే లేదు, డాక్టరు ఆలోచన కలవలేదు. రెండోది అసలు ప్లాన్. ముఖం ఫోటోలు, నోటి లోపలి ఫోటోలు, ఎక్స్‌రేలు, స్కాన్ కలిపి కంపెనీ టెక్నీషియన్ ఒక అమరిక పంపిస్తాడు. దాన్ని ఆర్థోడాంటిస్ట్ (పళ్ల వరుస, దవడల అమరిక సరిచేసే నిపుణులు) ఒకటికి రెండుసార్లు దిద్ది ఖాయం చేస్తారు. ఎన్ని ట్రేలు, ఏ పన్ను ఏ వారం ఎటు జరుగుతుంది అన్నీ అందులో ఉంటాయి. ఇది తయారవడానికి రోజులు పడుతుంది. స్కాన్‌కు, ప్లాన్‌కు విడిగా ఫీజు అడిగితే ఇవ్వండి, తప్పులేదు. మొత్తం ప్యాకేజీకి అడ్వాన్సు మాత్రం రెండో బొమ్మ చూసి, ప్రశ్నలన్నీ అడిగాకే.

ఏమీ చేయకుండా ఆగడమే మేలైనప్పుడు

ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య చాలామంది పిల్లలకు పై ముందుపళ్ల మధ్య సందు ఉంటుంది, పక్కపళ్లు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. పెళ్లిలో కనిపించిన బంధువులందరూ ‘పళ్లు అట్లున్నాయేమమ్మా, చూపించలేదా’ అని అడుగుతారు. పళ్లు అలా ఉండటానికి కారణం పైన ఎముకలో ఉంది. పై కోరపళ్లు పదకొండు, పన్నెండేళ్లకు దిగుతాయి. దిగే దారిలో వాటి తల పక్కపంటి వేరును ఆనుకుని ఉంటుంది. ఆ ఒత్తిడికి వేరు ఒకవైపుకు, పంటి కొన ఇంకోవైపుకు వాలుతుంది. కోరపన్ను తన చోటుకు దిగేకొద్దీ పక్కపన్ను నిలబడుతుంది, సందు మూసుకుంటుంది. సుమారు 2 మిల్లీమీటర్ల లోపు సందులు చాలావరకు ఇలాగే పోతాయి.

అంచనా బొమ్మను నమ్మి తొందరపడితే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. స్కానర్‌కు కనిపించేది చిగురు బయట ఉన్న పన్ను మాత్రమే. వేరును సాఫ్ట్‌వేర్ సగటు లెక్కతో గీస్తుంది, ఎముకలో ఉన్న కోరపన్ను దానికి తెలియదు. సందు మూయడానికి పక్కపంటి కొనను ఇటు తిప్పితే, వేరు అటు తిరిగి దిగుతున్న కోరపంటి తలకు తగులుతుంది. వేరు కరిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఈ వయసులో ఓపీజీ ఎక్స్‌రే (రెండు దవడలు, పళ్లన్నీ ఒకే బొమ్మలో వచ్చేది) చూడకుండా వేసిన ప్లాన్‌ను ఒప్పుకోవద్దు. ఎక్స్‌రేను వెలుతురుకు పట్టినప్పుడు పై కోరపళ్లు ఎక్కడున్నాయో చూపించమనండి. కోరపంటి తల పక్కపంటి వేరు మీద పడినట్టు కనిపిస్తే ముందుపళ్ల జోలికి వెళ్లే ముందు ఎందుకు, ఎలా అన్నది డాక్టరు వివరంగా చెప్పాలి. కోరపన్ను దారి తప్పిందన్న అనుమానం ఉంటే తప్ప పిల్లలకు సీబీసీటీ లాంటి త్రీడీ ఎక్స్‌రే అవసరం రాదు.

నవ్వు ఎలా కనిపించాలో గీసే ప్లాన్‌లో ఇంకో చిక్కు చిగుళ్ల దగ్గర వస్తుంది. ఫోటోలో పెదవి గీత, చిగురు గీత, పళ్ల కొనల గీత వేసి పెద్దవాళ్ల కొలతలతో సరిచూస్తారు. తొమ్మిదేళ్ల పాప నవ్వితే చిగురు ఎక్కువ కనిపిస్తుంది, పళ్లు పొట్టిగా కనిపిస్తాయి. అది లోపం అనుకోవద్దు. చిగురు ఇంకా పంటిని కప్పి ఉంది, కౌమారం గడిచేలోపు మెల్లగా పైకి పోతుంది. పై పెదవి కూడా ఆ ఏళ్లలో పొడుగవుతుంది. ఇప్పుడు కనిపించే చిగురును దాచాలని ముందుపళ్లను పైకి నెడితే, పెద్దయ్యాక నవ్వులో పళ్లే సరిగా కనిపించవు. పదేళ్ల లోపు పిల్లలకు ‘చిగుళ్లు కనిపించకుండా చేస్తాం’ అని ప్లాన్ చూపిస్తే, ఆ ఒక్క అంశం పక్కన పెట్టమని చెప్పండి.

ఆగడం వేరు, చూపించకపోవడం వేరు. అమెరికన్ ఆర్థోడాంటిస్టుల సంఘం ఏడేళ్లకల్లా ఒకసారి చూపించమంటుంది. కారణం, కొన్ని సమస్యలు ఆ వయసులోనే తేలికగా తీరతాయి.

దవడ సమస్యకు ట్రే మందు కాదు

పై దవడ ఇరుకుగా ఉండి, పళ్లు బిగించినప్పుడు పై దవడపళ్లు కింది పళ్ల లోపలికి పడుతుంటే, అంగిలిని వెడల్పు చేసే స్క్రూ పరికరం కావాలి. స్క్రూను తాళంచెవితో పావు చుట్టు తిప్పితే పావు మిల్లీమీటరు తెరుచుకుంటుంది. డాక్టరు చెప్పిన లెక్కన ఇంట్లో తిప్పాలి. అంగిలి మధ్య అతుకు గట్టిపడకముందు, అంటే కౌమారం మధ్యలోకి రాకముందే ఇది బాగా పనిచేస్తుంది. అలైనర్లు కూడా ‘ఎక్స్‌పాన్షన్’ చేస్తాయంటారు. నిజమే, కానీ ఎక్కువగా పళ్లను బయటికి వాలుస్తాయి. రెండు మూడు మిల్లీమీటర్ల ఇరుకుకు అది సరిపోవచ్చు. దవడే ఇరుకైతే సరిపోదు.

కింది దవడ ముందుకు వచ్చి పళ్లు తిరగబడి పడుతుంటే, పై దవడను ముందుకు లాగే ఫేస్ మాస్క్ లాంటివి పదేళ్ల లోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. ఈ ఒక్క విషయంలో ‘పెద్దయ్యాక చూద్దాం’ అనే మాట ఖరీదైనది. ఒకటో రెండో ముందుపళ్లు మాత్రమే తిరగబడి ఉంటే స్ప్రింగు ఉన్న చిన్న ప్లేటుతో కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. ఆ పనికి ట్రేల సెట్టు కొనడం దండగ.

కింది దవడ వెనక్కి ఉండి పై పళ్లు ఎత్తుగా కనిపిస్తే, ఎదుగుదల ఊపందుకునే వయసులో ట్విన్ బ్లాక్ (కింది దవడను ముందుకు పట్టి ఉంచే పరికరం) వేస్తారు: ఆడపిల్లలకు సుమారు 10 నుంచి 12, మగపిల్లలకు 12 నుంచి 14 ఏళ్ల మధ్య. ఈ పని చేసే రెక్కలున్న అలైనర్లు కూడా వచ్చాయి, ఖర్చు ఎక్కువ. ఎనిమిదేళ్లకే మొదలుపెట్టడం వల్ల గట్టిగా చెప్పగలిగిన లాభం ఒకటే: ఎత్తుగా ఉన్న ముందుపళ్లు ఆటల్లో, సైకిలు మీద పడి విరిగే ప్రమాదం తగ్గుతుంది. పిల్లవాడు ఇప్పటికే ఒకసారి పడి పన్ను కొన విరగ్గొట్టుకుని ఉంటే ఆ లాభం చిన్నదేమీ కాదు.

అలైనర్లు నిజంగా నప్పేది ఎవరికి

పాలపళ్లు, శాశ్వత పళ్లు కలిసి ఉన్న ఆరు నుంచి పదేళ్ల పిల్లల కోసమే ఇన్విజలైన్ అలైనర్లు తయారుచేసే అలైన్ టెక్నాలజీ కంపెనీ 2018లో ‘ఫస్ట్’ అనే రకం తెచ్చింది. పాలదవడపళ్లు పొట్టిగా ఉంటాయి, ట్రేకు పట్టు దొరకదు. అందుకని వాటి మీద పంటి రంగు సిమెంటుతో చిన్న బుడిపెలు అతికిస్తారు. రాబోయే పళ్ల కోసం ట్రేలో ఖాళీ గది వదులుతారు. ఈ వయసులో కొద్దిపాటి ఇరుకు, ముందుపళ్ల చిన్న వంకరలు, ముందు పళ్లు ఆనకుండా కొంచెం ఎడంగా ఉండటం లాంటివి ట్రేలతో సర్దుకుంటాయి. పన్నెండు దాటి, రెండో దవడపళ్లు కూడా వచ్చి, పిల్లకు తనకై తాను కావాలని ఉంటే అలైనర్ల పరిధి ఇంకా పెరుగుతుంది.

బాగా తిరిగిపోయిన కోరపళ్లు, గుండ్రటి చిన్న దవడపళ్లు, కిందికి లాగాల్సిన పళ్లు, పై పళ్లు కింది పళ్లను పూర్తిగా కప్పేసే లోతైన కొరుకుడు, పళ్లు తీసి సందు మూయాల్సిన కేసులు: వీటికి మామూలు లోహపు క్లిప్పులే మా మొదటి ఎంపిక. పిల్లకు గుర్తున్నా లేకున్నా తీగ ఇరవైనాలుగు గంటలూ తన పని తాను చేసుకుపోతుంది. సిరామిక్ క్లిప్పులు కనిపించవన్న మాటే గానీ పెళుసు, ఖర్చు. పిల్లలకు వాటి అవసరం తక్కువ. ఎనిమిదేళ్లకు నాలుగు ముందుపళ్లే సర్దాలంటే రెండు దవడపళ్లకు, నాలుగు ముందుపళ్లకు మాత్రమే క్లిప్పులు వేసే పద్ధతి ఉంది. అలైనర్ల పేరు ముందు వచ్చిన చోట ఈ మాట ఎత్తరు, మీరే అడగండి.

అలైనర్ల పక్షాన గట్టిగా చెప్పాల్సిందీ ఉంది. తీసి తోముకోవచ్చు కాబట్టి పళ్లు శుభ్రంగా ఉంటాయి. క్లిప్పుల చుట్టూ పాచి పేరుకుని, అవి తీశాక పళ్ల మీద సున్నపు మచ్చలు మిగలడం సరిగా తోముకోని పిల్లల్లో తరచూ చూస్తాం. కొలత కోసం నోట్లో ముద్ద పెడితే వాంతి వచ్చే పిల్లలకు స్కానరే వరం, తర్వాత క్లిప్పులు వేసినా సరే.

ప్లాన్ తెరను చదవడం

పాత అమరిక మీద కొత్త అమరికను వేరే రంగులో పరిచి చూపించమనండి. ఏ పన్ను ఎంత జరుగుతుందో అప్పుడే తెలుస్తుంది. ఒక్కో ట్రే ఒక పన్నును సుమారు పావు మిల్లీమీటరు కదుపుతుంది. అంటే 3 మిల్లీమీటర్లు జరగాల్సిన పంటికి తక్కువలో తక్కువ 12 ట్రేలు. వారానికొకటి మార్చినా మూడు నెలలు. అంతకంటే చాలా తక్కువ ట్రేలు చూపిస్తే ఎలా కుదిరిందని అడగండి. ఎదురు నుంచి చూసి సరిపెట్టుకోకుండా రెండు పక్కల నుంచి తిప్పించి, దవడపళ్లు ఒకదానికొకటి ఆనుతున్నాయో లేదో చూడండి. ముందుపళ్లు చక్కగా వచ్చి వెనక పళ్లు ఆనకుండా పోవడం అలైనర్లతో వచ్చే ఇబ్బందుల్లో ఒకటి. త్వరలో ఊడే పాలపళ్లను జరపడానికి ట్రేలు ఖర్చు చేస్తున్నారా? పళ్ల మధ్య అరగదీసి చోటు చేయాలని ఉందా? పిల్లల్లో అది అరుదు, ఉంటే కారణం తెలియాలి.

తెర మీద కదిలినంతా నోట్లో కదలదు. పెద్దవాళ్ల మీద చేసి 2009లో అచ్చయిన అధ్యయనంలో ప్లాన్‌లో చూపిన కదలికలో సగటున 41 శాతమే జరిగింది. ప్లాస్టిక్, బుడిపెలు మెరుగుపడ్డాక 2020లో వచ్చిన లెక్క 50 శాతం. అందుకే మొదటి సెట్టు అయ్యాక మళ్లీ స్కాన్ చేసి దిద్దుబాటు ట్రేలు తెప్పించడం మామూలు. ఆ దిద్దుబాట్లు ఎన్నిసార్లు ఉచితమో రాతలో ఉండాలి.

ఫ్లోరైడ్ మచ్చలున్న పళ్లు

ఇది మన వైపు తప్పక మాట్లాడుకోవాల్సిన సంగతి. అనంతపురం జిల్లాలోనూ, కడప, కర్నూలు వైపు కొన్ని ఊళ్లలోనూ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. శాశ్వత ముందుపళ్ల పైపొర పుట్టినప్పటి నుంచి నాలుగైదేళ్ల వరకు తయారవుతుంది. ఆ ఏళ్లలో తాగిన నీళ్ల గుర్తు సున్నపు గీతలుగానో, గోధుమ రంగు మచ్చలుగానో పళ్ల మీద ఉండిపోతుంది. తెర మీది బొమ్మలో ఆ మచ్చలు లేవు; సాఫ్ట్‌వేర్ అందరి పళ్లకూ ఒకటే తెలుపు పూస్తుంది. అలైనర్లు పళ్లను జరుపుతాయి, రంగు మార్చవు. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పాలి. చివరి ట్రే అయ్యాక అద్దం ముందు నిలబడి పిల్ల నొచ్చుకోకూడదు.

రెండో ఇబ్బంది అతుకులో. క్లిప్పైనా బుడిపైనా అతికించే ముందు పంటి మీద ఫాస్ఫారిక్ ఆమ్లం సాధారణంగా 15 నుంచి 30 సెకన్లు ఉంచి గరుకు చేస్తారు. ఫ్లోరైడ్ పట్టిన పైపొర ఆ ఆమ్లానికి తేలిగ్గా లొంగదు. ఎక్కువసేపు ఉంచాలి, లేదా పైపొరను ముందు సన్నగా గరుకు పెట్టాలి. ఇది చేయకపోతే క్లిప్పులు ఊడుతూనే ఉంటాయి, బుడిపెలు రాలిపోతాయి. బుడిపె రాలిందంటే ట్రేకు ఆ పంటి మీద పట్టు పోయినట్టే. మచ్చలున్న పిల్లలకు బుడిపెలు తక్కువ అవసరమయ్యే ప్లాన్ కుదిరితే అలైనర్ల వైపు మొగ్గవచ్చు. బుడిపెలు ఎక్కువైతే రెండు పద్ధతులకూ ఇబ్బంది సమానమే.

రెండు గంటల లెక్క, హాస్టలు, ఎండ

ట్రేలు రోజుకు 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాలి. తీసి ఉంచగలిగేది రెండు గంటలు, మహా అయితే నాలుగు. ఉదయం టిఫిన్‌కు 25 నిమిషాలు, మధ్యాహ్నం అన్నానికి 30, సాయంత్రం చిరుతిండికి 20, రాత్రికి 30, మూడుసార్లు తోముకోవడానికి 15. రెండు గంటలు అక్కడితో సరి. సాయంత్రం ఆరుబయట బొరుగులు, చెనక్కాయలు ఒక్కొక్కటే నములుతూ గంటసేపు కూర్చునే అలవాటుంటే లెక్క తప్పుతుంది. అలైనర్లు మొదలుపెట్టే ముందే, వారం రోజులు పిల్ల ఏం తింటోందో, ఎంతసేపు తింటోందో గడియారం చూసి రాసుకోండి. డాక్టరు ఇచ్చే ఏ సలహా కంటే ఆ కాగితం ఎక్కువ చెబుతుంది.

రెసిడెన్షియల్ స్కూల్లో, హాస్టల్లో ఉండే పన్నెండేళ్ల లోపు పిల్లలకు అలైనర్లు మేము సిఫారసు చేయం. మెస్‌లో తినేటప్పుడు ట్రేను కాగితంలో చుట్టి పళ్లెం పక్కన పెడతారు, పళ్లెంతోపాటు అది చెత్తబుట్టలోకి పోతుంది. రాత్రి పెట్టుకున్నారా అని అడిగేవాళ్లుండరు. వాళ్లకు క్లిప్పులు, లేదా సెలవుల దాకా ఆగడం. క్లిప్పులున్నప్పుడు చెనక్కాయ చిక్కీ, చెరకు, మొక్కజొన్న కంకి కొరకకూడదు. జొన్నరొట్టె తుంచి పప్పులో నానబెట్టుకుని తినొచ్చు. రాగి సంగటికి ఏ అడ్డూ లేదు. పసుపుకు రబ్బరు రింగులు పచ్చబడతాయి, మళ్లీ వెళ్లినప్పుడు మారుస్తారు.

ట్రే నోట్లో ఉండగా మంచినీళ్లు తప్ప ఏదీ తాగకూడదు. ఎండాకాలం నన్నారి షర్బత్ గుక్కెడు తాగినా పంచదార, నిమ్మ పులుపు ట్రేకూ పంటికీ మధ్య చిక్కుకుని గంటల తరబడి ఉంటాయి. పళ్లు పుచ్చడానికి అది చాలు. మే నెలలో కారు అద్దం దగ్గరో, స్కూటరు డిక్కీలోనో పెట్టిన ట్రే వంగిపోతుంది. వేడినీళ్లతో కడిగినా అంతే. చన్నీళ్లు, మెత్తటి బ్రష్షు సరిపోతాయి.

దూరం, డబ్బు

లోహపు క్లిప్పుల కంటే అలైనర్లకు సాధారణంగా రెండు మూడు రెట్లు అవుతుంది. కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీలో, కర్నూలు జి. పుల్లారెడ్డి డెంటల్ కాలేజీలో క్లిప్పుల చికిత్స బయటికంటే తక్కువలో అవుతుంది, సమయం ఎక్కువ పట్టొచ్చు. అనంతపురం వాళ్లు బెంగళూరుకు, కర్నూలు వాళ్లు హైదరాబాదుకు వెళ్లాలంటే ఒక్కో వైపే రెండు వందల కిలోమీటర్ల పైన. క్లిప్పులకు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వెళ్లాలి, మధ్యలో తీగ గుచ్చుకుంటే వెంటనే. ట్రేలు కొన్ని ఒకేసారి ఇచ్చేస్తారు కాబట్టి ఎనిమిది పది వారాలకోసారి సరిపోవచ్చు. ఊళ్లో ఆర్థోడాంటిస్ట్ ఉంటే క్లిప్పులు, దూరం తప్పనిసరై పిల్ల బాధ్యతగా ఉండేదైతే ట్రేలు. ఎవరి దగ్గరైనా ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ డిగ్రీ) ఉందో లేదో చూడండి. స్కానరు కొన్నంత మాత్రాన ఎదిగే దవడ గురించి తెలియదు.

ఇంటికి కిట్ పంపి, ఎక్స్‌రే లేకుండా ట్రేలు పంపే పద్ధతి పిల్లలకు అసలే వద్దు. అమెరికాలో ఆ వ్యాపారంలో పెద్ద పేరున్న స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబరులో మూతపడితే చికిత్స మధ్యలో ఉన్నవాళ్లు ఎటూ కాకుండా పోయారు.

దారిలో వచ్చే ఇబ్బందులు

పాలపన్ను ఊడితే ట్రే మానక్కర్లేదు. కొత్త పన్ను వచ్చి ట్రే పూర్తిగా కూర్చోకపోతే మళ్లీ స్కాన్ కావాలి. ముందుపళ్ల కొనకూ ట్రేకూ మధ్య గాలి సందు కనిపిస్తే పళ్లు వెనకబడ్డాయని అర్థం. తర్వాతి ట్రేకు పోకుండా అదే ట్రే ఇంకొన్ని రోజులు పెట్టి, డాక్టరు ఇచ్చిన రబ్బరు ముక్కను కొరికించండి. ట్రే పోతే ముందుగా పాతది పెట్టి ఫోన్ చేయండి. అందుకే వాడేసిన చివరి ట్రేను ఎప్పుడూ పారేయొద్దు.

పళ్లు సర్దుకున్నాక వాటిని అక్కడే నిలిపి ఉంచే రిటైనర్ పెట్టకపోతే మళ్లీ వంకరపోతాయి. మొదటి దశ పదేళ్లకు ముగిసిన పిల్లలకు పన్నెండు దాటాక రెండో దశ రావచ్చు. దాని ఖర్చు ఇప్పటి ప్యాకేజీలో ఉందా లేదా, రిటైనర్ ఎన్ని జతలు ఇస్తారు, పోతే ఎంత, ఇవన్నీ బిల్లు మీదే రాయించుకోండి. ఉద్యోగ బదిలీలున్న కుటుంబమైతే స్కాన్ ఫైలు, ఓపీజీ, ఫోటోల కాపీ మొదటి నెలలోనే పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. కొత్త ఊళ్లో డాక్టరు అవి చూసే చికిత్స కొనసాగిస్తారు.